సంతకం మీది, కవర్లు మరిదివి

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, కాలనీ వేయొద్దన్నారు కాబట్టి అవి తీసేసి విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 43 ఏళ్లు. భర్త బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పదమూడేళ్లు సూపర్‌వైజర్‌గా చేశారు. శుద్ధి చేయని నీళ్లు బయటికి వదులుతున్నారని అధికారులు ఆ యూనిట్‌ను మూయించారు. యజమాని కొన్నాళ్లకు ఇంకోచోట ఇంకో పేరుతో మొదలుపెట్టుకున్నాడు. పాతవాళ్లను పిలవలేదు. ఆఖరి రెండు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. గాజులు తాకట్టు పెట్టి, తమ్ముడి దగ్గర కొంత చేబదులు తీసుకుని ఈమె, ఆయన కలిసి కర్రీ పాయింట్ తెరిచారు. వంట ఆమెది, కౌంటర్ ఆయనది, బేగంబజార్ నుంచి సామాను తేవడం మరిది పని. ఫుడ్ లైసెన్స్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా అన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి.

షాపు బాగానే నడుస్తోంది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరాడదు. పప్పు, సాంబారు, రసం, రెండు కూరలు, ఒక వేపుడు, పెరుగు. రోజుకు మూడు వందలకు పైగా ప్యాకెట్లు. అన్నీ పల్చటి కవర్లో పోసి, మూతి మెలిపెట్టి, ఊదారంగు రబ్బరు బ్యాండ్ వేసి ఇచ్చేవే.

అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. కాలేజీ స్నేహితులతో కలిసి ఒక ఆదివారం చెరువు గట్టున చెత్త ఏరడానికి వెళ్లింది. ఆ రాత్రి ఇంటికొచ్చి, "మన కవర్లు కూడా ఉన్నాయమ్మా అందులో. రబ్బరు బ్యాండ్ చూసి గుర్తుపట్టా. నా ఫీజు వీటితోనే కడుతున్నారని ఫ్రెండ్స్‌కి ఎలా చెప్పను?" అంది. తండ్రి విన్నాడు. "పర్యావరణం, పర్యావరణం అన్నవాళ్లే నా ఉద్యోగం తీశారు. ఇప్పుడు నా ఇంట్లోంచే మొదలైందా?" అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ సరిగా మాటల్లేవు.

ఆమె ఊరికే కూర్చోలేదు. పోయిన వేసవిలో కవర్లు మానేసి, చెరకు పిప్పితో చేసిన డబ్బాలు తెచ్చి, ఒక్కోదానికి ఐదు రూపాయలు అదనంగా తీసుకున్నారు. ఒకరి స్కూటీ మీద రసం కారి పెద్ద గొడవైంది. సగంమంది పక్క సందులోని షాపుకు మళ్లారు. పది రోజులకే మళ్లీ కవర్లు వచ్చాయి. ఆ తర్వాత మరిది "వంద శాతం బయోడిగ్రేడబుల్" అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసిన కవర్లు తెచ్చాడు. ఆమెకు నమ్మకం కుదరక ఒక కవరు కరివేపాకు కుండీలో పాతిపెట్టారు. నాలుగు నెలల తర్వాత తవ్వితే వేలిగోరంత ముక్కలు వచ్చాయి, కడిగితే ఒక్కోటీ ఇంకా నిగనిగలాడుతూనే ఉంది.

ఇప్పుడు గచ్చిబౌలిలోని ఒక ఐటీ కంపెనీ నుంచి వారానికి ఐదు రోజులు, రోజుకు 120 భోజనాల ఆర్డరు వచ్చేలా ఉంది. దాంతోపాటే రెండు పేజీల ఫారం. "మా ప్యాకింగ్ సామగ్రి మొత్తం నూటికి నూరు శాతం కంపోస్టబుల్", అంటే అంతా కుళ్లి ఎరువైపోయేదే అని రాసి, కింద యజమాని సంతకం, స్టాంపు. సోమవారం లోగా ఇవ్వాలి. "వాళ్లకు కావలసింది కాగితం, మనకు కావలసింది ఆర్డరు. ఎవడొచ్చి మట్టిలో పాతిపెట్టి చూస్తాడు?" అంటున్నాడు మరిది. భర్తదీ అదే మాట. "నేను చూశాను కదండీ. సంతకం పెట్టనా, వద్దా? కవర్లు మానేస్తే షాపు ఉంటుందా? ఆయనకూ పాపకూ మధ్య నేను ఎవరి పక్షం?" అని అడిగారు.

జవాబు

అమ్మా, మీవి మూడు ప్రశ్నలు. మూడూ ఒకే రోజు తేల్చాలనుకుంటే ఏదీ తేలదు. సంతకం సంగతి సోమవారానికి తేలాలి. కవర్ల సంగతికి నెలలు పడుతుంది. తండ్రీకూతుళ్ల మధ్య మీరు అనుకుంటున్న గొడవకూ, అసలు గొడవకూ కొంచెం తేడా ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు సంతకం. మీ మరిది ఒక మాట నిజమే చెప్పాడు, వాళ్లకు కావలసింది కాగితమే. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీల్లో పెద్దవి వెయ్యింటికి 2022-23 నుంచి, ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఒక వార్షిక నివేదికను తప్పనిసరి చేసింది. కరెంటు ఎంత వాడారు, నీళ్లెన్ని వాడారు, చెత్త ఎంత పోగైంది, దాన్నేం చేశారు, అన్నీ అందులో చెప్పాలి. పెద్ద పెట్టుబడిదారులు, విదేశీ క్లయింట్లు కూడా ఇవే అడుగుతున్నారు. అందుకని కంపెనీలు తమకు సరుకిచ్చే ప్రతివాళ్ల దగ్గరా ఇలాంటి హామీలు రాయించుకుని ఫైల్లో పెట్టుకుంటున్నాయి. మీ సాంబారు లెక్క సెబీ దాకా వెళ్లేంత పెద్దదేమీ కాదు. ఈ ఫారం కంపెనీ తన రక్షణ కోసం పెట్టుకున్న ఏర్పాటు. రేపెవరైనా నిలదీస్తే "మా సప్లయర్ రాసిచ్చారు" అని చూపించుకోవడానికి. అంటే మీరు సంతకం పెట్టిన నిమిషం నుంచి ఆ మాటకు జవాబుదారీ వాళ్లు కాదు, మీరు.

మీరు అంటే మీ వారు కాదు, మీ మరిది అసలే కాదు. లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు. మన ఇళ్లలో వ్యాపారం భార్య పేరు మీద పెట్టడం, సంతకాలు మాత్రం "ఇక్కడ పెట్టు" అని చూపించి పెట్టించడం మామూలే. ఈ ఒక్కసారికి ఆ మామూలును పక్కన పెట్టండి.

"ఎవరు చూస్తారు" అన్నదానికి వస్తే, ఆరు నెలలో ఏడాదో ఎవరూ చూడకపోవచ్చు. ఆ తర్వాత అడ్మిన్ మేనేజరు మారతాడు, కొత్తాయన తన వెండర్‌ను తెచ్చుకోవాలనుకుంటాడు. లేదా ఆర్డరు పోయిన ఇంకో కేటరర్ ఫిర్యాదు చేస్తాడు. అప్పుడు మీ ఫారం బయటికొస్తుంది. ఆర్డరు రద్దు కావడం చిన్న నష్టం. పెండింగులో ఉన్న బిల్లులు ఆగిపోవడం పెద్ద నష్టం, ఎందుకంటే బియ్యం, పప్పు, నూనె మీరు ముందే డబ్బు పెట్టి కొని ఉంటారు. దీనికితోడు రుజువు లేకుండా "గ్రీన్", "పర్యావరణహితం" అని చెప్పుకునేవాళ్ల మీద 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. వాళ్ల చూపు మీలాంటి చిన్న షాపు మీద పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గాలి ఎటు వీస్తోందో తెలియాలి కదా అని చెబుతున్నాను.

ఇక ఆ ఆకు బొమ్మ కవర్లు. కంపోస్టబుల్ ప్లాస్టిక్ అనాలంటే ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణానికి సరిపోవాలి. అమ్మేవాళ్ల దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు కవరు మీదే అచ్చు వేసి ఉండాలి. ఆకు బొమ్మకు ఏ విలువా లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. మీ మరిదిని ఆ కొట్టుకే మళ్లీ వెళ్లి సర్టిఫికెట్ కాపీ, జీఎస్టీ బిల్లు అడగమనండి. ఇస్తే మంచిదే. "అవన్నీ ఎందుకు సార్, అందరూ ఇవే తీసుకెళ్తున్నారు" అంటే మీకు జవాబు దొరికినట్టే.

మీ కుండీ పరీక్ష నాకు చాలా నచ్చింది. చాలా కంపెనీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్లు ఆ పాటి పని కూడా చేయవు. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. అసలైన కంపోస్టబుల్ కవరు కూడా కుండీలో నాలుగు నెలలకు పూర్తిగా కరుగుతుందన్న భరోసా లేదు. దానికి పెద్ద కంపోస్టు యూనిట్లో ఉండే వేడి, దాదాపు 60 డిగ్రీలు కావాలి. చెరువు గట్టున పడితే అదీ చాలాకాలం అక్కడే ఉంటుంది. మీది ముక్కలై, ముక్కలు మెరుస్తూనే ఉన్నాయంటే అది మామూలు ప్లాస్టిక్‌లో త్వరగా చిట్లిపోయే మందేదో కలిపిన రకం అని అనుమానించాలి. అది పోదు, చిన్నదవుతుంది అంతే. సర్టిఫికెట్ ఉన్న కవరు కొని, నిజమైన సంతకమే పెట్టినా మీ అమ్మాయి గట్టున చూసిన దృశ్యం పెద్దగా మారదన్నమాట. ఆ కవరును తడిచెత్తలో వేసి కంపోస్టుకు పంపే ఏర్పాటు కంపెనీ క్యాంటీన్లో ఉంటే దానికి అర్థం ఉంది. లేకపోతే ఖరీదైన చెత్త.

మీ ముందు ఇప్పుడు నాలుగు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టేయడం ఒకటి. దాని సంగతి చెప్పాను. ఆర్డరు వద్దనుకోవడం ఇంకొకటి. అది తప్పేమీ కాదు గానీ, మీ ఇంటి పరిస్థితిలో 120 భోజనాలు కాదనుకోవడం సులువు కాదని నాకు తెలుసు. మూడోది, సర్టిఫికెట్ ఉన్న సామగ్రే వాడి సంతకం పెట్టడం. ఇందులో ధర గురించి భయపడకండి. కౌంటర్ దగ్గర ఐదు రూపాయలకు గొడవపడే కస్టమర్ వేరు, తనే షరతు పెట్టి కొనే కంపెనీ వేరు. ప్యాకింగ్ ఖర్చును కొటేషన్లో విడిగా ఒక లైను వేసి చూపించండి. షరతు వాళ్లది, ఖర్చూ వాళ్లదే. ధర తగ్గించమంటే ఏది తగ్గించాలో వాళ్లే చెబుతారు.

నాలుగోదే నాకు ఎక్కువ నచ్చింది. అసలు ప్యాకింగే లేకుండా పంపడం. ఫారం ఇచ్చినాయనకు ఫోన్ చేసి, "మీ దగ్గర తినే హాలు, ప్లేట్లు ఉన్నాయి కదా, మేం 120 మందికి సరిపడా అన్నం హాట్ బాక్సుల్లో, సాంబారు మూత బిగించే స్టీలు క్యాన్లలో, కూరలు స్టీలు గిన్నెల్లో తెచ్చి పెడతాం, వడ్డించడానికి ఒక మనిషినీ పంపుతాం, అప్పుడు ఈ కాలమ్‌లో 'డిస్పోజబుల్ ప్యాకింగ్ లేదు' అని రాయొచ్చా?" అని అడగండి. వాళ్ల నివేదికకు దీనికంటే మంచి వాక్యం దొరకదు. చెత్త తగ్గింది అని నిజంగా రాసుకోవచ్చు.

ఇందులోనూ చిక్కులున్నాయి. గిన్నెలకు ముందు పెట్టుబడి కావాలి. ఆటో ట్రాలీ మాట్లాడుకోవాలి. వడ్డించే మనిషి జీతం పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం కడగడం. మన వైపు ఎండాకాలం బోర్లు ఎండితే ట్యాంకరే గతి. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు మీకు నేను చెప్పనక్కర్లేదు. స్టీలు పాత్ర పర్యావరణానికి ఉచితం ఏమీ కాదు, నీళ్లు తాగుతుంది. అయితే పెద్ద గిన్నెలు ఎనిమిదో పదో కడగడానికీ, 120 డబ్బాలు విడివిడిగా కడగడానికీ నీళ్ల లెక్కలో చాలా తేడా ఉంటుంది. ఇంకో చిక్కు, రోజూ ఎంతమంది తింటారో ఖచ్చితంగా తెలియదు. కనీసం ఇన్ని ప్లేట్లకు డబ్బు ఇవ్వాలి అని ముందే రాయించుకోండి. లేకపోతే వర్షం పడి సగంమంది ఇంటి నుంచి పనిచేసిన రోజు నష్టం మీ నెత్తిన పడుతుంది.

పనిలో పని, చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు లేకపోతే వెంటనే ఆన్‌లైన్లో చేయించుకోండి. ఫీజు లేదు. చిన్న, సూక్ష్మ సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని చట్టం ఉంది. ఆ నంబరు ఇన్వాయిస్ మీద ఉంటే అడిగే నోరు వస్తుంది. ప్యాకింగ్ కంటే చెల్లింపుల ఆలస్యం వల్లే కేటరింగ్ వాళ్లు ఎక్కువగా మునుగుతారని నా నమ్మకం.

ఇక షాపు. చట్టం ఏమంటోందో చూస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. చేతులున్న క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదు, 2022 డిసెంబరు 31 నుంచి అదే నిబంధన. కూర పోసే చేతుల్లేని కవరు 50 మైక్రాన్లకు తగ్గకూడదు. ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, థర్మకోల్ ప్లేట్లు 2022 జులై 1 నుంచి పూర్తిగా నిషేధం. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఆ జాబితాలో లేదు. కాబట్టి మీ షాపులో ప్లాస్టిక్ చెంచాలు, పల్చటి క్యారీ బ్యాగులు ఉంటే రేపే తీసేయండి, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. సాంబారు కవర్లు ఎన్ని మైక్రాన్లో మరిదిని అడగండి. ఆయనకు తెలియకపోతే కొట్టువాడికి తెలుస్తుంది. మందం కవర్లు కిలోకు తక్కువ వస్తాయి, ఖర్చు పెరుగుతుంది. కానీ చిరిగి కారడం తగ్గుతుంది, రెండో కవరు తొడిగే అలవాటూ పోతుంది.

పోయిన వేసవిలో మీరు చేసిన ప్రయత్నం ఎందుకు దెబ్బతిన్నదో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మీరు అన్నిటినీ ఒకేరోజు మార్చారు, పైగా రసంతో సహా. అంతకంటే పెద్ద కారణం ఆ ఐదు రూపాయలు. నిన్నటిదాకా ఊరికే వచ్చినదానికి ఇవాళ డబ్బు అడిగితే మనిషికి జరిమానా వేసినట్టు ఉంటుంది. దాన్ని తిరగేయండి. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్లకు ఒక గరిటె కొసరు వేయండి. మనవాళ్లు ఐదు రూపాయల తగ్గింపును మర్నాడు మర్చిపోతారు, కొసరును మాత్రం పదిమందికి చెబుతారు. పైగా గరిటెడు సాంబారు మీకు ఐదు రూపాయలు కాదు. కవరు, రబ్బరు బ్యాండ్ ఖర్చు ఎలాగూ మిగిలింది.

దీనికి అందరూ రారు. పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లు, రిటైరైన దంపతులు, పిల్లాడిని క్యారియర్ ఇచ్చి పంపే ఇల్లాళ్లు వస్తారు. ఆఫీసు నుంచి నేరుగా హాస్టల్‌కు వెళ్లే కుర్రాడు బ్యాగులో స్టీలు డబ్బా మోసుకురాడు, అతన్ని వదిలేయండి. డబ్బా తెచ్చినవాళ్లను ఎనిమిదింటి క్యూలో నిలబెడితే రెండోరోజు మానేస్తారు. ఒక పక్కన చిన్న స్టూలు వేసి, తూకం లేకుండా కొలత గరిటెతో ఇచ్చే ఏర్పాటు చేయండి. డబ్బా మురికిగా ఉంటే మొహమాటపడకుండా వేడినీళ్లతో తొలిచి పోయండి, లేకపోతే కూర పులిసిందని పేరు మీకే వస్తుంది. వంద రూపాయల డిపాజిట్ తీసుకుని మీ స్టీలు డబ్బాలే ఇచ్చే పద్ధతి కూడా ఉంది గానీ, మొదట్లోనే దాని జోలికి వెళ్లొద్దనే అంటాను. డబ్బాలు తిరిగొస్తాయి, మూతలు రావు.

వేపుడు, ముద్దకూర లాంటి పొడివాటిని ముందు కవర్ల నుంచి తప్పించండి. అరటాకు ముక్క పరిచిన కాగితం చాలు. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, ఆ సిరా తిండికి అంటకూడదని ఆహార భద్రతా సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. పప్పు, పెరుగు తర్వాత సంగతి. సాంబారు ఆఖర్న. రసానికి ఇప్పట్లో కవరే. అది తప్పు చేస్తున్నట్టు బాధపడకండి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. రాత్రి షట్టర్ వేశాక మీ చెత్త బకెట్లో ఏముంటుంది? ఉత్తరమంతా కవర్ల గురించే రాశారు. కవరు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరం దాని గురించే మాట్లాడతాం. పారబోసిన నాలుగు కిలోల అన్నం, అడుగంటిన పప్పు, మిగిలిన కూర ఎవరికీ కనిపించవు. వాటి వెనక పొలంలో పెట్టిన నీళ్లు, ఎరువు, లారీ డీజిలు, మీ సిలిండరు, మీ నడుం నొప్పి ఉన్నాయి. జవహర్‌నగర్ డంపుకు చేరి గాలాడకుండా కుళ్లితే అందులోంచి మీథేన్ వస్తుంది. బొగ్గుపులుసు వాయువుకంటే అది 25 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే వాయువు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో వినియోగదారులకు అందిన ఆహారంలో దాదాపు ఐదో వంతు, 105 కోట్ల టన్నులు, వృథా అయింది. అందులో హోటళ్లు, క్యాంటీన్లలాంటి వాటి వాటా నాలుగో వంతుకు పైనే. అదే కుళ్లేదాన్ని బోయినపల్లి కూరగాయల మార్కెట్లో గ్యాసుగా మార్చి, రోజుకు పది టన్నుల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. మీరు ప్లాంటు పెట్టక్కర్లేదు. తడిచెత్త విడిగా ఇస్తే చాలు, అంతకంటే ముందు తక్కువ పారేస్తే చాలు.

వ్యాపారమూ పర్యావరణమూ ఒకే పక్కన నిలబడేది ఇక్కడే. కంపోస్టబుల్ కవరుకు మీ జేబులోంచి డబ్బు పోతుంది. పారబోసే కూర తగ్గితే జేబులోకి వస్తుంది. ఆ వచ్చినదాంతో మందం కవర్లు, స్టీలు గిన్నెలు కొనొచ్చు. వేపుడు నూనె కూడా అంతే. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పేరుకునే చెడు పదార్థాలు (టీపీసీ అంటారు) 25 శాతం దాటకూడదని 2018 నుంచి పరిమితి ఉంది, అది దాటిన నూనె వంటకు పనికిరాదు. దాన్ని సింకులో పోయకండి, సాయంత్రం బజ్జీల బండివాడికి అమ్మకండి. బయోడీజిల్ కోసం వాడిన నూనె కొనేవాళ్లున్నారు, నాలుగు షాపులు కలిస్తే వచ్చి పట్టుకెళ్తారు.

దీనికి మీ ఇంట్లో సరైన మనిషి ఎవరో తెలుసా? మీ వారు. మందుల యూనిట్లో పదమూడేళ్లు సూపర్‌వైజర్‌గా చేసినాయనకు బ్యాచ్ రికార్డు రాయడం అంటే నిద్రలో కూడా వస్తుంది. ఎంత వేశాం, ఎంత వచ్చింది, తేడా ఎక్కడ పోయింది? అదే పని. కాకపోతే ఇక్కడ బ్యాచ్ అంటే గుత్తివంకాయ. రోజూ ఏ కూర ఎన్ని కిలోలు చేశారు, ఎన్ని గంటలకు అయిపోయింది, ఎంత మిగిలింది, ఏ వారం, వాన ఉందా, నెలలో ఎన్నో తారీఖు అని ఒక పుస్తకంలో రాయమనండి. నెలాఖరులో జనం పప్పు, రసం మీదే గడిపేస్తారని మీకూ తెలుసు. ఎంత తేడానో పుస్తకం చెబుతుంది.

ఆయన కోపం గురించి కూడా ఒక మాట. పర్యావరణం తన ఉద్యోగం తీసిందని ఆయన అనుకుంటున్నారు. పటాన్‌చెరు, బొల్లారం కథ మీ వారికి నాకంటే బాగా తెలుసు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన అక్కడి నక్కవాగు వల్ల పొలాలు పాడైన ఊళ్లవాళ్ల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయినా 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఆ యజమాని నీళ్లు శుద్ధి చేయడానికి పెట్టాల్సిన ఖర్చు ఏళ్లతరబడి వాయిదా వేశాడు. బిల్లు వచ్చిన రోజున ఆయన ఇంకోచోటికి వెళ్లిపోయాడు. కట్టింది ఎవరు? నక్కవాగు రైతులు, మీ వారు, మీ గాజులు. ఇది ఆయనతో వాదించడానికి వాడుకోకండి. మీకు తెలిసి ఉంటే చాలు. ఫారం మీద సంతకం పెట్టమన్నప్పుడు, "ఆ రోజు మీ సార్ కూడా కాలుష్య బోర్డుకు ఇలాంటి కాగితాలే ఇచ్చి ఉంటాడు కదండీ" అని ఒక్కసారి అడగండి. ఆయన కోపగించుకోవచ్చు కూడా.

అమ్మాయి విషయంలో నాది మీకు రుచించని మాట కావచ్చు. ఆమె చూసింది నిజం. కానీ తన ఫీజు గురించి స్నేహితుల ముందు సిగ్గుపడటం, వంటింట్లో నిలబడే తల్లిని నిలదీయడం తేలిక పని. ఊరి చెరువుల్లోకి మందుల నీళ్లు వదిలినవాళ్లను నిలదీయడానికి ఇంకా చాలా చదవాలి. ఆమె ఉత్సాహం పోగొట్టకండి, కాస్త పని చెప్పండి. ఫారంలోని ఇంగ్లిషు పంక్తి పంక్తీ మీకు చదివి వినిపించమనండి. కవర్ల మీది నంబరును కాలుష్య మండలి వెబ్‌సైట్లో వెతకమనండి. గిన్నెల ప్రతిపాదన ఈమెయిల్ ఆమే రాయాలి, మీ పేరుతో. ఒక శనివారం సాయంత్రం ఏడింటికి కొసరు స్టూలు దగ్గర నిలబడమనండి. తండ్రితో రాజీ చేయడానికి మీరు మధ్యలో కూర్చోవద్దు. ఆయన రాసే పుస్తకంలో లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించే పని ఆమెకు పడితే, మాట్లాడుకోక తప్పని పరిస్థితి వస్తుంది. రాకపోయినా లెక్కలు ఉంటాయి.

ఎవరి పక్షం అని అడిగారు కదా. లైసెన్స్ పక్షం. అది మీ పేరు మీద ఉన్నంతకాలం షాపు నుంచి ఏ కాగితం బయటికి వెళ్లినా మీరు చదివాకే వెళ్లాలి.

కంపెనీకి ఫోన్ మాత్రం సోమవారం దాకా ఆగకుండా శుక్రవారమే చేయండి. గిన్నెలకు ఒప్పుకోకపోతే సర్టిఫికెట్ ఉన్న ప్యాకింగ్‌తో కొత్త రేటు చెప్పండి. దానికీ ఒప్పుకోకుండా పాత రేటుకే సంతకం కావాలంటే, నా మాటగా అయితే ఆ ఆర్డరు వదిలేయండి. మీ వారి పుస్తకం ఒక నెల నిండాక, ఏ కూర ఎంత మిగిలిందో అంకెలతో సహా నాకు మళ్లీ రాయండి.